నడినెత్తి ఎండ: ఆరు పలకల పని డైరీ

జనవరి 5

పని మొదలుపెట్టాను. పేరు ఇంకా పూర్తిగా కుదరలేదు, నోట్‌బుక్ అట్ట మీద మాత్రం "నడినెత్తి" అని రాసుకున్నాను. మొత్తం ఆరు పలకలు, ఒక్కోటి 4 అడుగులకు 4 అడుగులు. ఆరింట్లోనూ విషయం ఒకటే, నెల్లూరు జిల్లాలో మా ఊరు కావలి, అక్కడి మధ్యాహ్నం. ఎండాకాలం పన్నెండు దాటాక బజారు ఖాళీ అయిపోతుంది, కొట్ల షట్టర్లు సగానికి దిగుతాయి, రోడ్డు మీద తారు చెప్పులకు అంటుకుంటుంది, ఎర్ర బస్సు కూడా ఎరుపు తగ్గి కనిపిస్తుంది. ఆ రెండు గంటల్ని బొమ్మలో పెట్టాలి. పదేళ్ళ నుంచి మనసులో ఉన్న పని ఇది.

ఇంతవరకు నేను వేసినవన్నీ పొద్దుటి వేళలు, సాయంత్రాలు. వాలు ఎండలో వేయడం సులువు, ప్రతి వస్తువుకూ వెలుగు పక్క ఒకటి, నీడ పక్క ఒకటి ఉంటాయి, కుండ గుండ్రంగా కనిపిస్తుంది, గోడలు బంగారంలో ముంచినట్టు వస్తాయి, చూసినవాళ్ళు కూడా వెంటనే బాగుందంటారు. సూర్యుడు నడినెత్తికి వచ్చాక ఆ పక్కలు ఉండవు. మనిషి మొహంలో కళ్ళ దగ్గర రెండు గుంటలు, ముక్కు కింద ఒక మరక, అంతే మిగులుతుంది. కానీ మా ఊరు అనగానే నాకు గుర్తొచ్చేది ఆ వెలుతురే. నేను పుట్టి పెరిగిన వెలుతురుని వదిలేసి, అందంగా ఉంటుందని ఇంకోదాన్ని వేసుకుంటూ పోవడం ఇక చాలు అనిపించింది.

అసలు చిక్కు తెలుపుతో. టైటానియం తెలుపు ట్యూబు సగం ఖాళీ చేసి ఒక అట్టకు మందంగా పూశాను. ఇప్పుడు దొరికే తెల్ల రంగుల్లో అన్నిటికంటే గట్టిగా కప్పేది అదే. దాన్ని కిటికీ పక్కన పెట్టి, బయట ఎండలో ఉన్న మా సున్నం ప్రహరీ వైపు చూస్తే నా తెలుపు ఉతకని పంచెలా ఉంది. గదిలో రంగు ఎండలో గోడతో పోటీ పడలేదు, అది లెక్కే. మరి బొమ్మలో ఎండ ఎక్కడినుంచి రావాలి?

జనవరి 19

సంక్రాంతి సెలవుల్లో లేపాక్షి వెళ్ళొచ్చాను, ఇది మూడోసారి. పోయిన రెండుసార్లూ గీత చూడ్డానికి వెళ్ళాను, ఈసారి ఒకే ఒక్క దానికోసం వెతికాను, నీడ. వీరభద్రస్వామి గుడి మండపం పైకప్పు కింద మెడ పట్టేసేదాకా నిలబడ్డాను. 16వ శతాబ్దం బొమ్మలు, ఎరుపు, పసుపు మట్టి రంగులు, నలుపు, సున్నపు తెలుపు, వాటి మీద నల్లటి గీత. చీరల మీద డిజైన్లు ఒకదానికొకటి పోలిక లేకుండా ఎంత ఓపిగ్గా వేశారో. కానీ ఒక్క మనిషి కాళ్ళ కింద కూడా నీడ లేదు! చెట్టుకు లేదు, అడవిపందికి లేదు. ఏ వేళలో జరుగుతున్నదో చెప్పాల్సిన అవసరమే వాళ్ళకు లేదు.

తిరిగొచ్చే బస్సులో అంతా ఇదే ఆలోచన. చిత్రకారుడు తోట వైకుంఠం గారి బొమ్మల్లో ఆడవాళ్ళని తలుచుకున్నాను, ఎర్ర చీర, పసుపు రాసిన మొహం, పెద్ద బొట్టు, ముదురు చాయ ఒళ్ళు. ఆ రంగులు చూస్తే ఎండ మన ఒంటికి తగులుతుంది, అయినా నేల మీద నీడ కనబడదు. ఇటువైపు ఫ్రెంచి చిత్రకారుడు మోనే 1890-91లో ఒకే గడ్డివాముల్ని పాతిక దాకా బొమ్మలుగా వేశాడు, పొద్దును బట్టి నీడలు ఊదాగా, నీలంగా మారతాయి. ఆర్ట్ కాలేజీలో మాకు చెప్పింది ఇదే, ఎండ పసుపైతే నీడ ఊదా అని. కావలిలో మే నెలలో ఆ సూత్రం పని చేయదు. అక్కడ నీడల్లోకి ఆకాశం నీలం దిగుతుంది, ఇక్కడ మే నెల ఆకాశం నీలంగా ఉంటే కదా, పాలు కలిపిన నీళ్ళలా ఉంటుంది. మా నీడల్లోకి వచ్చేది పక్కనున్న నేల రంగు. ఎర్రమట్టి మీద నీడ ఎర్రగానే, వేడిగానే ఉంటుంది. వంగి చూస్తే ఎవరికైనా కనబడుతుంది.

రెండు దారులూ నావి కావు, రెండిట్లోనూ నాకు కావలసింది సగం సగం ఉంది.

ఫిబ్రవరి 2

నాయనతో కూర్చున్నాను. ఆయన నలభై ఏళ్ళు కావలిలో బోర్డులు రాశాడు. మందుల షాపులు, ఎరువుల కొట్లు, లారీల వెనక అక్షరాలు, ఎలక్షన్లప్పుడు గోడ రాతలు. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని క్రమంగా ఆగిపోయింది. ఇప్పుడు చెయ్యి కొంచెం వణుకుతుంది, అయినా సుద్దముక్క ఇస్తే గుండ్రటి 'ర' ఒక్క తిప్పులో రాస్తాడు.

నేను బ్రష్ పట్టడం నేర్చుకుంది ఆయన దగ్గరే, కాలేజీలో కాదు. ఎనిమిదో క్లాసులో ఉండగా షేడ్ లెటర్లు, అంటే పక్కన నీడ గీసిన అక్షరాలు, దిద్దనిచ్చేవాడు. నేను అక్షరాన్నే మళ్ళీ మళ్ళీ దిద్దుతూ కూర్చుంటే "అక్షరం బోర్డులోంచి లేవాలంటే అక్షరాన్ని దిద్దబాక పాపా, దాని నీడని దిద్దు" అనేవాడు. ఆ మాట నిన్న మళ్ళీ అడిగి చెప్పించుకున్నాను. తెల్ల అక్షరం తెల్ల బోర్డు మీద కూడా నిలబడుతుంది, పక్కన నీడ ఒక్కటి సరిగ్గా పడితే చాలు, అక్షరానికి అంచు గీయక్కర్లేదు అని సుద్దతో చూపించాడు. నేల మీద మూడు గీతలు గీశాడు, మధ్యలో ఏమీ గీయకుండానే 'క' లేచి కూర్చుంది.

నాకు దారి దొరికింది. ఎండని గీయను, నీడని గీస్తాను. అదీ కొండల వెనక, మొహం పక్కన తెరలు తెరలుగా కరిగిపోయే నీడ కాదు, షేడ్ లెటర్‌లా అంచు తెగిన నీడ. లేపాక్షి వాళ్ళు మనిషిని ఎలా గీశారో అలా, ఒక చదునైన ఆకారంలా, లోపల దాని సొంత రంగుతో. ఎండ పడే చోటంతా ఖాళీ సున్నం. బొమ్మలో మనిషి ఉండడు, చెట్టు ఉండదు, దాని నీడే ఉంటుంది. నా శైలి ఏంటని ఎవరైనా అడిగితే ఇన్నాళ్ళూ తడుముకునేదాన్ని. ఇప్పుడు చెప్పగలను, బోర్డు రాసే ఇంట్లో పుట్టిన శైలి.

ఆరు నీడలు ఖాయం చేసుకున్నాను: పాత తాలూకా ఆఫీసు దగ్గర వేపచెట్టు, ఉప్పు మడి గట్టు, బస్టాండు రేకుల షెడ్డు, రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, లారీ కింద పడుకున్న మనిషి, దండెం మీద అమ్మ చీర.

ఫిబ్రవరి 16

సున్నం మీద వేయాలని నిర్ణయించుకోవడం ఒక ఎత్తు, సున్నాన్ని నిలబెట్టడం ఇంకో ఎత్తు. క్యాన్వాస్ మీద పూస్తే గుడ్డ ఊగినప్పుడల్లా పగిలింది. దాంతో 12 మిల్లీమీటర్ల వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ షీట్లు మూడు తెచ్చాను, 8 అడుగులకు 4 అడుగులవి, మధ్యకు కోయిస్తే ఆరు పలకలు. నేరుగా ప్లై మీద పూసిన సున్నం నాలుగో రోజు పెచ్చులుగా లేచిపోయింది.

మా వీధి చివర ఒక ముసలి మేస్త్రి ఉన్నాడు, గానుగ సున్నంతో ఇళ్ళు కట్టిన రోజులు చూసినవాడు. ఆయన్ని బతిమాలి తీసుకొచ్చాను. పలకని గోటితో గీకి చూసి "దీనికి పట్టు యాడుందమ్మా, నున్నంగా ఉండాదే" అన్నాడు. ఆయన చెప్పిన ప్రకారం ప్లై మీద గోనెపట్టా అంటించి, జిగురు తడిగా ఉండగానే జల్లించిన ఏటి ఇసుక చల్లి ఆరబెట్టాను. వెనక వైపు కూడా అదే చేయమన్నాడు, లేకపోతే ఒక పక్క లాగి పలక వంగుతుందట. చేసిన పలక బల్లలా నిలబడింది, చేయకుండా వదిలిన ముక్క వారంలో అరటాకులా వంగింది.

సున్నం కూడా రెండు రకాలు తెచ్చాను, రాతి సున్నం ఒకటి, సముద్రపు గుల్లలు కాల్చిన గుల్ల సున్నం ఒకటి. నీళ్ళు పోస్తే రెండూ కుతకుత ఉడుకుతాయి, కళ్ళజోడు లేకుండా దగ్గరికి పోకూడదు. కానీ చల్లారాక గుల్ల సున్నం వెన్నలా ఉంది. మద్రాసు పాత బంగళాల్లో పాలరాయిలా మెరిసే గోడలు ఈ గుల్ల సున్నంతో చేసినవే, నున్నటి రాయితో రుద్ది రుద్ది మెరుగు పెట్టేవాళ్ళు. ఆ సంగతి మేస్త్రికీ తెలుసు. నానబెట్టిన సున్నం ఎంత పాతబడితే అంత మంచిదన్నాడు, అందుకని రెండు ప్లాస్టిక్ డ్రమ్ముల్లో నీళ్ళ కింద ఉంచేశాను.

మార్చి 9

ఇసకపల్లి వెళ్ళాను, ఉప్పు మళ్ళు చూడ్డానికి. అల్లూరు దాకా బస్సు, అక్కడినుంచి ఆటో. తొమ్మిదికే కళ్ళు చిట్లించాల్సి వచ్చింది. పదకొండింటికి మళ్ళల్లో నీళ్ళు, ఉప్పు గుట్టలు, ఆకాశం మూడూ ఒకే తెలుపు, ఏది ఎక్కడ ఆగి ఏది మొదలవుతుందో తెలియదు. చిత్రకారిణి నస్రీన్ మొహమ్మదీ బూడిద రంగు గీతలు గుర్తొచ్చాయి, ఒక కాగితం మీద పది సన్నటి గీతలు గీసి ఎడారినో సముద్రాన్నో నిలబెట్టే మనిషి ఆవిడ. మడి గట్లు అచ్చం ఆ గీతలే.

పొడవాటి కర్రకు చెక్క పలక బిగించి ఉప్పు లాగుతున్న ఒక అక్కని అడిగాను, ఈ వెలుతురులో పొద్దస్తమానం ఎలా చూస్తారని. "పైకి చూడం, నీడ చూసుకుంటా లాగుతాం" అంది. అదేమీ పెద్ద మాటగా అనలేదు, పని చేసుకుంటూ అన్నది. ఆవిడ నీడలో మాత్రం నీళ్ళ అడుగు కనిపిస్తోంది, ముదురు గోధుమ రంగు బురద, ఉప్పు పొర కింద. చుట్టూ ఏమీ కనబడని చోట నీడ ఒక్కటే కిటికీలా ఉంది. రెండో పలక అక్కడే కుదిరింది. స్కెచ్ వేయలేదు, చూస్తూ ఉండిపోయాను.

ఒక దోసెడు ఉప్పు అడిగి తెచ్చుకుని, ఉప్పు మడి బొమ్మకు ఉప్పే వాడితే బాగుంటుందని సున్నంలో కలిపి చూశాను. సముద్రం గాలి తగిలినప్పుడల్లా పలక చెమర్చింది, ఆరినప్పుడు తెల్లటి పొక్కులు లేచాయి, బాత్రూం గోడకు ఉప్పు పట్టినట్టు. ఆ ముక్క పారేశాను. మంచి ఇసుక అయినా సరే మూడుసార్లు మంచినీళ్ళలో కడిగాకే వాడుతున్నా ఇప్పుడు.

మార్చి 30

నీడకు రంగులు. ఇది నాకు ఎంతో ఇష్టమైన పని, దీని గురించి ఎంత రాసినా తనివి తీరదు.

మట్టి రంగు చేయడం చూడ్డానికి సులువు. మట్టిని బకెట్టు నీళ్ళలో కలిపి ఒక్క నిమిషం ఆగితే ఇసుక అడుక్కు పోతుంది, పైన ఉన్న మురికి నీళ్ళను ఇంకో బకెట్టులోకి వంచాలి. అదే మూడుసార్లు. ఆఖరి బకెట్టు రాత్రంతా కదపకుండా ఉంచితే పొద్దున్నకు అడుగున మెత్తటి మడ్డి పేరుకుంటుంది, దాన్ని ఆరబెట్టి నూరితే రంగు. ఉదయగిరి వైపు రోడ్డు పక్క మట్టి తెస్తే జాజు (ముగ్గుల ఎర్రమట్టి) కంటే లోతైన ఎరుపు వచ్చింది. మా ఇంటి వెనక మట్టి మాత్రం ఎంత తేర్చినా మామూలు గోధుమ రంగే, అయినా వేపచెట్టు నీడకు అదే కావాలి.

నలుపు దగ్గర పెద్ద పాఠం నేర్చుకున్నాను. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ ఊరూరా తెలిసిందే, నల్లటి రాయిలో బంగారు చుక్కలు. ఒంగోలు మీదుగా వెళ్ళి, కోత మిషన్ల దగ్గర ఎండిపోయిన రాతి మడ్డి ఒక సంచీ తెచ్చుకున్నాను. అంత నల్లటి రాయి పొడి అయ్యేసరికి బూడిద రంగు! మార్కాపురం పలక రాయి ముక్కలు నూరినా అంతే. పొడి మెత్తబడేకొద్దీ లోపలికి పోవాల్సిన వెలుగు పైనే చెదిరిపోతుంది కాబట్టి రాయి నలుపు పోతుంది. రెండు రోజులు నిరాశగానే ఉన్నాను. తర్వాత ఆ రెండు బూడిద రంగుల్ని తడి సున్నం పక్కన పూసి చూస్తే, మధ్యాహ్నం తారురోడ్డు సరిగ్గా ఆ రంగే. ఎండలో తారు నల్లగా ఉండదు, మనకు తెలుసు కాబట్టి నలుపు అనుకుంటాం. నిజమైన నలుపు నాకు ఒక్క చోటే కావాలి, లారీ కింద. దానికి ఆముదం దీపం మీద మట్టి మూకుడు బోర్లించి మసి పడుతున్నాను, అమ్మ కాటుకకు చేసినట్టే.

రాతి పొడితో పని చేసేవాళ్ళకు ఒక మాట, మంచి మాస్కు లేకుండా పొడిగా నూరకండి, తడిపి నూరండి. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే తిరిగి రాదు.

నీలిమందు కూడా ప్రయత్నించాను. సున్నంలో చిటికెడు నీలిమందు వేస్తే తెలుపు ఇంకా తెల్లగా కనిపిస్తుందని మన ఇళ్ళల్లో అందరికీ తెలుసు. సీసాలో దొరికే ద్రవం సున్నం ఘాటుకు వారంలో వెలిసిపోయింది, పొడి నీలం నిలబడింది. ఉప్పు మడికి అది చాలు, మిగతావాటికి వద్దు.

ఏప్రిల్ 14

మైకా గురించి. సైదాపురం వైపు గనుల దగ్గర చిన్నప్పుడు ఏరుకున్న కాకిబంగారం రేకులు గుర్తున్నాయి, పుస్తకంలో నెమలీక పక్కన దాచుకునేవాళ్ళం. చుట్టాలబ్బాయి ఒకడు డబ్బా నిండా తెచ్చిచ్చాడు, కొన్ని రేకుల్లో లేత ఆకుపచ్చ ఛాయ కూడా ఉంది. దంచి, జల్లించి, సున్నం ఆఖరి పూతలో చల్లాను. ఇదే నా ఎండ అవుతుందని ఎంతో నమ్మకం పెట్టుకున్నాను. పెళ్ళి శుభలేఖలా తళుకుమంది. ఎండ మెరవదు, కొడుతుంది. మైకా తీసేశాను, మనసొప్పకపోయినా.

ఆ పలక గీకేస్తుంటే తెలిసింది అసలు సంగతి. గీకాక మిగిలిన చోట, కోపంగా పెన్నలో ఏరిన గులకరాయితో రుద్దాను. రుద్దిన చోటు నున్నగా గాజులా అయింది, పక్కన రుద్దని చోటు మామూలుగా ఉంది. రెండూ అదే సున్నం, అదే తెలుపు, కానీ అటూ ఇటూ నడుస్తుంటే రుద్దిన చోటు ఒక్కసారిగా కంట్లో కొట్టింది. రంగు కలపకుండా, మెరుపు చల్లకుండా తెలుపులో తెలుపు! ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పలక ఇంకా తడి ఆరకముందే, చెయ్యి అంటనంత మాత్రం గట్టిపడ్డాక రుద్దాలి, ముందు రుద్దితే లేచి వస్తుంది, ఆలస్యమైతే మెరుగు రాదు. ఆ సమయం చెయ్యికి తెలియాల్సిందే.

మే 1

ఈ రోజు కోసం జనవరి నుంచి ఎదురుచూశాను. కావలి ఇంచుమించు 15 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, అంటే ఏడాదికి రెండుసార్లు మాత్రమే సూర్యుడు సరిగ్గా మన తల మీదికి వస్తాడు, ఏప్రిల్ ఆఖరు మే ఒకటి ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 11, 12 తేదీల్లో ఇంకోసారి. సూర్యుడు తల మీదికి వచ్చే వేళ గడియారం పన్నెండు కాదు, మన గడియారం కావలికి తూర్పున ఉన్న 82.5 డిగ్రీల రేఖాంశం ప్రకారం నడుస్తుంది కాబట్టి ఇవాళ 12 గంటల 7 నిమిషాల దగ్గర.

డాబా మీద మీటరు కర్ర నిలబెట్టాను. 12:07కి నీడ మాయం, కర్ర అడుగున ఒక చుక్క. గోడ మీద ఆనించి పెట్టిన మొదటి పలక, వేపచెట్టు నీడది, అప్పుడు చూశాను. చచ్చిపోయింది. ఎండ దాని మీద పడనే లేదు, అంచు పట్టుకుని జారిపోయింది, గులకరాయితో రుద్దిన చోట్లలో ఏ వెలుగూ లేదు. నాలుగు నెలల పని ఎదుట పెట్టుకుని నేల మీద కూర్చున్నాను.

అమ్మ పక్కనే వడియాలు పెడుతోంది, పాత చీర పరిచి. "పడుకోబెట్టరాదా, ఎండ తగలాలంటే" అంది. పడుకోబెట్టాను. నేను తట్టుకోలేక మొహం తిప్పుకున్నాను, అంత వెలుగు. గోధుమ రంగు నీడ నేలలో గుంట తవ్వినట్టు దిగింది. నాయన చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూశాడు, ఏమీ అనలేదు, లోపలికి పోయి తన చలువ కళ్ళద్దాలు తెచ్చుకుని మళ్ళీ చూశాడు.

కాబట్టి ఈ బొమ్మలు గోడకు తగిలించేవి కావు. వడ్లలా, మిరపకాయల్లా ఎండలో పరిచి, మనుషులు చుట్టూ నడుస్తూ కిందికి చూసేవి. వాళ్ళ సొంత నీడ వాళ్ళ కాళ్ళ కింద పెట్టుకుని చూస్తారు.

మే 28

రోహిణి కార్తె. పగలు పని సాగడం లేదు. సున్నం గట్టిపడాలంటే గాలిలోంచి కార్బన్ డయాక్సైడ్ పీల్చుకోవాలి, దానికి తడి ఉండాలి, ఈ ఎండకు పూసిన పావుగంటలో ఎండిపోయి వేలితో తుడిస్తే పొడి రాలుతోంది. ఏ ఎండనైతే వేయాలని కూర్చున్నానో ఆ ఎండే పలకని నిలవనివ్వడం లేదు. రాత్రి తొమ్మిదికి మొదలుపెట్టి రెండు గంటల దాకా పూస్తున్నాను, తర్వాత తడి గోనెలు కప్పి, పొద్దున, మధ్యాహ్నం నీళ్ళు చల్లే పని అమ్మది. వడ్ల పలక, బస్టాండు పలక ఇలాగే పూర్తయ్యాయి. వడ్ల పలకలో నీడ ఒక్కటే, ఆరబోసిన వడ్లను కాలితో తిరగదోస్తూ పోయే మనిషిది, పాదం దగ్గర మొదలై పాదం దగ్గరే ఆగిపోతుంది.

జూన్ 21

ఇవాళ మధ్యాహ్నం మీటరు కర్ర నీడ 15 సెంటీమీటర్లు, అదీ దక్షిణానికి. మేలో దాటిపోయిన సూర్యుడు ఇప్పుడు మనకు ఉత్తరాన ఉన్నాడు. నాయనకు ఇది ఏ లెక్కా లేకుండా తెలుసు, ఉత్తరం మొహం బోర్డులకు ఎండాకాలం రంగు ముందు పోతుందని కొట్ల వాళ్ళకు చెప్పి ఇంకో పూత వేసేవాడట. లారీ నీడ ఎటు పడాలో ఈ రోజు చూసి గీసుకున్నాను. లారీ కింద మనిషి చెయ్యి ఒక్కటి నీడ దాటి ఎండలోకి వచ్చి ఉంటుంది. ఆ చెయ్యిని గీయడం లేదు, నీడ అంచులో ఒక ఖాళీ వదిలాను, అదే చెయ్యి.

జూలై 20

వానలు మొదలయ్యాక సున్నం బాగా పట్టుకుంటోంది. లారీ పలక అయింది. ఒక్కో పలక ఇప్పుడు 20 కేజీలు పైనే, ఇద్దరు పట్టాలి.

చెన్నై నుంచి ఒక మిత్రుడు వచ్చి చూశాడు, తనూ చిత్రకారుడే. నాలుగూ చూసి, ఇవి గోడకు వచ్చేలా చేస్తే గ్యాలరీ వాళ్ళు తీసుకుంటారు, లైటు పై నుంచి వేస్తే సరిపోతుంది కదా అన్నాడు. ప్రేమతోనే చెప్పాడు, నేనూ రెండు రోజులు ఆలోచించాను. నాకు గ్యాలరీ వద్దని కాదు. 1966లో చిత్రకారుడు కె.సి.ఎస్. పణికర్ గారూ ఆయన విద్యార్థులూ మద్రాసు పక్కన ఇసుక దిబ్బల్లో చోళమండలం అనే కళాకారుల ఊరు కట్టుకున్నారు, బతకడానికి చేతిపనులు చేసి బొమ్మలు వేసుకున్నారు. చిత్రకారుడు దామెర్ల రామారావు ముప్పై నిండకుండానే 1925లో పోయాడు, అయినా ఇవాళ రాజమండ్రిలో ఆయన పేరిట ఉన్న గ్యాలరీలో ఆయన బొమ్మల ముందు నిలబడగలుగుతున్నాం, ఎందుకంటే అవి ఆ ఊళ్ళోనే ఉన్నాయి. నాకూ అదే కావాలి. కావలిలో, ఒంగోల్లో, నెల్లూర్లో, ఉప్పు మళ్ళ దగ్గర, ఏడాదికి రెండుసార్లు, సూర్యుడు తల మీదికి వచ్చిన రోజు ఈ పలకలు పరవాలి. ఆ తర్వాత ఏ గ్యాలరీ నేల మీద పరుస్తానన్నా పంపిస్తాను. గోడకు మాత్రం తగిలించను.

ఆగస్టు 12

పాత రైసు మిల్లు కళ్ళంలో ఐదు పలకలు పరిచాం. మా బడి పిల్లలు ఇరవై మంది, మేస్త్రి, వీధిలో వాళ్ళు, మిల్లు హమాలీలు, ఇసకపల్లి నుంచి ఆ అక్క కూడా వచ్చింది, ఆటో పంపించాను. పొద్దున్నుంచి మబ్బు. ఇవాళ సూర్యుడు 12:15 ప్రాంతంలో నెత్తి మీదికి రావాలి. పన్నెండింటికి కూడా మబ్బే, పలకలు సుద్ద పూసిన బల్లల్లా పడి ఉన్నాయి, పిల్లలు అటూ ఇటూ పరిగెడుతున్నారు. 12:11కి మబ్బు తొలిగింది. ఒక్కసారిగా ఐదు పలకలూ లేచాయి, పిల్లలు "అబ్బా" అని కళ్ళు మూసుకున్నారు, చుట్టూ నిలబడ్డ అందరి నీడలూ కాళ్ళ కింద ముద్దల్లా, పలకల మీద నా నీడలూ అవే. ఏది గీసినది, ఏది నిలబడ్డవాళ్ళదో ఒక క్షణం నాకే తెలియలేదు. ఆరేడు నిమిషాలు ఉంది, మళ్ళీ మబ్బు.

ఉప్పు మడి పలక దగ్గర ఆ అక్క వంగి, వేలు పెట్టబోయి ఆగింది. తాకొచ్చు అన్నాను. ముదురు రంగు చోట వేలు ఆనించి, "అడుగు కనపడతా ఉండాది" అంది.

నాయన దూరంగా కుర్చీలో కూర్చుని చూసి, బస్టాండు పలకలో రేకుల షెడ్డు నీడ అంచు ఎడమ పక్క రెండు నూలు, అంటే పావు అంగుళం, పక్కకు పోయిందని చెప్పాడు. నిజమే, పోయింది. ఇంటికొచ్చి దారానికి జాజు పూసి గీత కొట్టి చూసుకున్నాను. సరి చేయాలంటే ఆ మూల అంతా గీకి కొత్త పూత వేయాలి.

ఆరో పలక మిగిలి ఉంది, అమ్మ చీరది. దండెం మీద చీర నీడ నడినెత్తి ఎండలో ఒక సన్నటి గీత అవుతుంది, గాలి వీస్తే నది అవుతుంది, దాన్ని ఎక్కడ ఆపాలో ఇంకా తేలలేదు. ఫిబ్రవరిలో నానబెట్టిన డ్రమ్ము సున్నం ఒకటి ముట్టుకోకుండా ఉంచాను దానికోసమే. రేపు రాత్రి మొదటి అస్తరు వేస్తాను.